ఎనిమిది కంపెనీలు వద్దన్నాయి: పైలట్ దారి చరిత్ర, మన లెక్క



పోయిన వారం ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడట. "అన్నా, పైలట్ అవ్వాలని ఉంది. మనోళ్లకి అవుద్దా?" అంతే, రెండు ముక్కలు. కింద పడ్డ జవాబులు మీరూ చూశారు. ఒకరు నలభై లక్షలన్నారు. ఒకరు బీటెక్ చేసుకో తమ్ముడూ అన్నారు. ఇంకొకరు ఏదో కోచింగ్ సెంటర్ లింకు పెట్టారు. నవ్వు బొమ్మలు పెట్టినోళ్లూ ఉన్నారు, ఆ సంగతి వదిలేద్దాం. ఆ తమ్ముడు మళ్లీ మాట్లాడలేదు.

నన్ను మాత్రం ఆ "అవుద్దా" అన్న మాట వదల్లేదు. అది మనోళ్లే అడిగే ప్రశ్న కాదు. విమానాలు పుట్టిన కొత్తలోనే కొంతమంది అడిగారు. వాళ్లకి ఏమైందో చదివి రాస్తున్నాను. పోస్ట్ పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పత్తి చేలో నుంచి ఫ్రాన్స్‌కి

బెస్సీ కోల్‌మన్ 1892లో అమెరికాలోని టెక్సస్‌లో పుట్టింది. తల్లి నల్లజాతి మనిషి. తండ్రి వైపు చెరోకీ ఆదివాసీల రక్తం ఉంది. ఇంటిల్లిపాదీ పత్తి ఏరేవాళ్లు. మన దగ్గర పత్తి సీజన్ వస్తే బడి హాజరు ఎలా పడిపోతుందో మీకు తెలుసు కదా, ఆమె చిన్నతనమూ అంతే. పెద్దయ్యాక కూడబెట్టిన డబ్బుతో ఓక్లహామాలో కాలేజీలో చేరింది. ఒక్క టర్మ్ అయ్యేసరికి డబ్బు అయిపోయి ఇంటికొచ్చేసింది. ఈ కథ మన హాస్టళ్లలో ఎంతమందిదో!

తర్వాత షికాగో వెళ్లి మంగలి షాపులో గోళ్లు కత్తిరించి రంగు వేసే పనిలో కుదిరింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అన్న, ఫ్రాన్స్‌లో ఆడవాళ్లు విమానాలు నడుపుతున్నారని చెప్పి ఆటపట్టించాడు. ఆ మాట ఆమెకి పట్టుకుంది. కానీ అమెరికాలో ఏ ఫ్లయింగ్ స్కూలూ చేర్చుకోలేదు. నల్లమనిషి, పైగా ఆడమనిషి. రెండు తలుపులూ మూసే ఉన్నాయి.

అప్పుడు ఆమెకి దారి చూపింది ఒక పత్రిక. షికాగో డిఫెండర్ అని నల్లజాతివాళ్ల పత్రిక, దాని యజమాని రాబర్ట్ అబ్బాట్. ఇక్కడ కాకపోతే ఫ్రాన్స్ వెళ్లమని సలహా ఇచ్చాడు. ఆమె ఫ్రెంచి నేర్చుకుంది, డబ్బు కూడబెట్టింది, దాతలు కొంత ఇచ్చారు. 1920 నవంబర్‌లో ఓడెక్కింది. 1921 జూన్ 15న అంతర్జాతీయ లైసెన్స్ చేతికొచ్చింది. ఆ లైసెన్స్ పొందిన మొదటి నల్లజాతి మహిళ, ఆదివాసీ మూలాలున్న మొదటి మహిళ ఆమే.

ఇక్కడితో ఆపేస్తే సినిమా కథలా ఉంటుంది. అసలు సంగతి ఆ తర్వాతే. లైసెన్స్ ఉంది, ఉద్యోగం లేదు. జనం ముందు విన్యాసాలు చేసి బతకాల్సి వచ్చింది. మనోళ్ల కోసం ఒక ఫ్లయింగ్ స్కూలు పెట్టాలని పాత విమానాలు కొంటూ, ఊరూరా తిరుగుతూ డబ్బు పోగుచేసింది. 1926 ఏప్రిల్ 30న ఫ్లోరిడాలో, ప్రదర్శనకి ముందురోజు, విమానం అదుపు తప్పింది. ఆమె అందులోంచి పడి చనిపోయింది. 34 ఏళ్లు. మూడేళ్ల తర్వాత లాస్ ఏంజెలిస్‌లో విలియం పావెల్ అనే ఆయన ఆమె పేరుతోనే ఒక ఏరో క్లబ్ పెట్టి నల్లజాతి పిల్లలకి విమానం నేర్పడం మొదలుపెట్టాడు.

తెగువ ఆమెది. దారి చెప్పింది ఒక పత్రిక, ఖర్చు పంచుకుంది ఒక సమాజం. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

వెయ్యి గంటలు ఎగిరి ఆగిపోయిన మనిషి

ఇప్పుడు మన దేశానికొద్దాం. జేఆర్‌డీ టాటాకి 1929 ఫిబ్రవరిలో లైసెన్స్ వచ్చింది. 1932 అక్టోబర్‌లో కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల విమానం ఆయనే నడిపాడు. సొంత డబ్బు, సొంత విమానం, సొంత కంపెనీ. పైలట్ పని పెద్దింటోళ్లది అన్న మాట అక్కడి నుంచే పాతుకుపోయింది.

కానీ పెద్దింటోళ్లకి కూడా ఈ దారి గ్యారంటీ ఇవ్వలేదు. సరళా ఠక్రాల్ 1936లో 21 ఏళ్ల వయసులో చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం ఒంటరిగా నడిపింది. అప్పటికే ఒక పాప తల్లి. భర్త పైలట్, అత్తింట్లో చాలామంది పైలట్లే, డబ్బుకి లోటు లేదు. వెయ్యి గంటలు పైగా ఎగిరింది. ఇక కమర్షియల్ లైసెన్స్ తీసుకోవడమే మిగిలింది. 1939లో భర్త విమాన ప్రమాదంలో పోయాడు. దుఃఖం దిగమింగుకుని జోధ్‌పూర్‌లో శిక్షణకి వెళ్తే, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పౌర శిక్షణ మొత్తం ఆపేశారు. ఆమె లాహోర్ వెళ్లి చిత్రకళ నేర్చుకుంది. దేశ విభజన తర్వాత ఢిల్లీ వచ్చి నగలు, బట్టల డిజైన్లతో బతికింది, పేరూ తెచ్చుకుంది. ఎయిర్‌లైన్ పైలట్ మాత్రం కాలేదు.

ఆమె తప్పు ఒక్కటి చెప్పండి. లేదు. యుద్ధం వస్తే, కంపెనీ మునిగితే, జబ్బు పుడితే ఈ దారి ఆగిపోతుంది. ఆగినప్పుడు కింద పడకుండా పట్టుకునేది ఏదుంది అన్నదే లెక్క. ఆమెకి ఇంకో విద్య దొరికింది, నిలబడింది.

బేగంపేటలో తెరుచుకున్న తలుపు

మూడో కథ మన హైదరాబాద్‌ది. ప్రేమ్ మాథుర్ అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకుని 1947లో కమర్షియల్ లైసెన్స్ సంపాదించింది. కంపెనీలకి అర్జీలు పెట్టుకుంటే ఎనిమిది కంపెనీలు వద్దన్నాయి. ఆడమనిషి నడుపుతుందంటే జనం ఎక్కరేమోనని వాళ్ల భయం. తొమ్మిదో చోట సరే అన్నారు. అది దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ, బేగంపేట నుంచి నడిచేది. అలా మన దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ హైదరాబాద్ కంపెనీలో చేరింది. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. అంత గెలిచినా ఆ కంపెనీ ఆమెని కో-పైలట్‌గానే ఉంచింది, కమాండ్ ఇవ్వలేదు. తలుపు తీయడం వేరు, కుర్చీ ఇవ్వడం వేరు అన్నమాట. 1953లో ప్రభుత్వం ప్రైవేటు విమాన కంపెనీలన్నిటినీ తీసుకున్నప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఆమె కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి వెళ్లింది.

అదే కాలంలో, అదే నిజాం రాజ్యంలో మనోళ్లు ఎక్కడున్నారో కూడా చూడాలి. కొమరం భీం జోడేఘాట్‌లో అమరుడైంది 1940లో. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ దొర చొరవతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ కేంద్రం పెట్టారు. అంటే బేగంపేటలో రన్‌వే మీద విమానాలు దిగుతున్న రోజుల్లో ఆదిలాబాద్ అడవిలో మన తాతల తరం పలక పట్టుకుంది. మనం వెనకబడ్డాం అనేటోళ్లకి ఈ రెండు తేదీలు చూపించండి. పందెంలో మనల్ని ఎంత ఆలస్యంగా నిలబెట్టారో అర్థమవుతుంది.

ఖాళీగా వదిలిన గడి

ఇంకో మనిషి గురించి చెప్పాలి. మార్లన్ గ్రీన్, అమెరికా వైమానిక దళంలో పైలట్. 1957లో దళం వదిలి ఎయిర్‌లైన్ కంపెనీలకి దరఖాస్తులు పెట్టాడు. నల్లవాడని తెలిస్తే ఎవరూ పిలవట్లేదు. కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ దరఖాస్తులో జాతి అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలేశాడు, ఫొటో కూడా అంటించలేదు. పిలుపొచ్చింది. పరీక్షల్లో నెగ్గాడు. కానీ మనిషిని చూశాక, అతనికంటే తక్కువ గంటలు ఎగిరిన తెల్లవాళ్లని తీసుకుని అతన్ని ఆపేశారు.

అతను కోర్టుకెళ్లాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1963 ఏప్రిల్‌లో జడ్జీలందరూ ఒకే మాటగా తీర్పిచ్చారు: రాష్ట్రం చేసిన వివక్ష నిషేధ చట్టం ఎయిర్‌లైన్ కంపెనీకి కూడా వర్తిస్తుంది. 1965లో గానీ ఉద్యోగం రాలేదు. ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లూ పెళ్లాం పిల్లలతో దొరికిన పనులు చేసుకుంటూ బతికాడు. కానీ ఆ తీర్పు అతనొక్కడి కోసం కాదు. వెనకొచ్చిన నల్లజాతి పైలట్లందరికీ అది దారి అయింది.

మన దరఖాస్తులో కులం గడి ఉంటుంది. మనం దాన్ని ఖాళీగా వదలం, నింపుతాం. అక్కడ నింపితేనే మనకి సీటు. కాబట్టి ఇప్పుడు ఆ గడి ఏ తలుపు దగ్గర పనిచేస్తుందో, ఏ తలుపు దగ్గర పనిచేయదో చూద్దాం.

రిజర్వేషన్ ఎక్కడి దాకా?

1985లో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వం ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ పెట్టింది. పౌర విమానయాన శాఖ కిందది. అక్కడ ఎస్టీలకి సీట్లున్నాయి. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, యాప్టిట్యూడ్ పరీక్ష పెట్టి తీసుకుంటారు. అంటే శిక్షణ తలుపు దగ్గర మన గడి పనిచేస్తుంది. కానీ సీటొచ్చినా ఫీజు కట్టాలి, అది నలభై లక్షల పైమాటే. కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కోర్సుల్లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉంది. ఉంది గానీ అది మొత్తం ఫీజు మోసేది కాదు.

ఇక ఉద్యోగం తలుపు. ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా ప్రభుత్వానివిగా ఉన్నప్పుడు రిజర్వేషన్ వర్తించేది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది. ఇప్పుడు ప్రభుత్వం చేతిలో మిగిలింది అలయన్స్ ఎయిర్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. అంటే లోపలికి పోయే తలుపు దగ్గర రిజర్వేషన్ ఉంది, బయటికొచ్చాక ఉద్యోగం దగ్గర దాదాపు లేదు. మధ్యలో ఉన్న నలభై లక్షల గుంత దాటించడానికి ఎవరూ లేరు. మనోళ్లు పడేది అక్కడ.

ఆ గుంత పక్కోళ్లకి కూడా ఉంది కదా అంటారు. ఉంది. కానీ వాళ్లు ఊళ్లో ఇల్లో, పొలమో బ్యాంకులో పెట్టి దాటుతారు. చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా బ్యాంకు ఆస్తి చూపించమంటుంది. మనం ఏం చూపించాలి? ఏజెన్సీలో భూమికి 1/70 చట్టం ఉంది. ఆ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అటవీ హక్కుల పట్టా అయితే వారసులకి వస్తుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి లేదు. ఈ చట్టాలు తప్పని నేను అనట్లేదు, పొరపాటున కూడా అనను. అవి లేకపోతే ఈపాటికి మన కాళ్ల కింద నేల ఉండేది కాదు. కానీ మనల్ని కాపాడే ఆ భూమి బ్యాంకు మేనేజర్ కంటికి ఆస్తిగా కనపడదు. భూమి కాపాడిన ప్రభుత్వమే, ఆ భూమికి బదులు పిల్లల చదువుకి హామీ ఇవ్వాలి. పైలట్ కోర్సే కాదు, ఖర్చైన ఏ చదువుకైనా ఇదే మాట.

శబరి అవతల నుంచి

ఇంత చెప్పాక "అయితే అవదన్నమాట" అనుకోకండి. మన పక్క ఊరి కథే ఉంది.

చింతూరు దాటి పోతే శబరి, సీలేరు కలిసే చోట మోటు. అక్కడి నుంచి ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా. అటు కోయలే, ఇటు కోయలే, చుట్టరికాలు నది దాటి ఉంటాయి. ఆ మల్కన్‌గిరిలో రైలు కూడా లేదు. అక్కడి ఆదివాసీ అమ్మాయి అనుప్రియ లక్రా. తండ్రి పోలీసు శాఖలో హవల్దారు. పదో తరగతి దాకా మల్కన్‌గిరిలో, తర్వాత కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో చదివింది. ఇంజినీరింగ్‌లో చేరి, అది వదిలేసి 2012లో భువనేశ్వర్‌లోని ప్రభుత్వ విమాన శిక్షణ సంస్థలో చేరింది. 2019 సెప్టెంబర్‌లో ఆమె ఇండిగోలో కో-పైలట్ అవుతోందన్న వార్త వచ్చింది. ఒడిశా ముఖ్యమంత్రి అభినందించారు, పత్రికలన్నీ ఫొటో వేశాయి.

ఫొటో అందరూ షేర్ చేశారు. నేనూ చేశాను. కానీ 2012కీ 2019కీ మధ్య ఏడేళ్లున్నాయి. ఆ ఏడేళ్లని ఎవరూ షేర్ చేయలేదు. శిక్షణ ఖర్చు మోయడం కష్టమైందని, అప్పు చేసి, బంధువుల దగ్గర చేయి చాచానని తండ్రి అప్పుడే పత్రికలకి చెప్పారు. చూశారా, మళ్లీ అదే. తెగువ ఆ అమ్మాయిది, నేర్పింది ప్రభుత్వ సంస్థ, గుంత పూడ్చింది చుట్టాలు.

దారి మధ్యలో ఏముంటుంది

తమ్ముడి కోసం పని సంగతి కూడా క్లుప్తంగా చెప్తా. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, అది నీకుంది. ముందు మెడికల్. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. రంగులు సరిగ్గా కనపడకపోవడం లాంటివి బయటపడితే ఇక్కడే తెలుస్తుంది. ఎవరికైనా డబ్బు కట్టకముందే ఇది చేయించుకోవాలి. అడ్వాన్స్ కట్టాక మెడికల్‌లో ఆగిపోయినోళ్లు ఉన్నారు. తర్వాత పరీక్షలు: నావిగేషన్, వాతావరణం, విమాన నిబంధనలు, టెక్నికల్. 70 శాతం వస్తేనే పాస్. రేడియో లైసెన్స్ వేరే. ఈ పుస్తకాలు హాస్టల్ రూములో కూర్చుని కూడా చదవొచ్చు, దీనికి లక్షలు అక్కర్లేదు. ఆ తర్వాతే అసలు ఖర్చు: 200 గంటల ఫ్లయింగ్, అందులో 100 గంటలు కమాండ్‌లో. వాన పడితే, మంచు పడితే, విమానం రిపేరుకి వస్తే, నేర్పేవాళ్లు తక్కువైతే గంటలు ఆగుతాయి. ఏడాదిన్నర అన్న కోర్సు మూడేళ్లు పడుతుంది. లైసెన్స్ వచ్చాక పెద్ద విమానానికి టైప్ రేటింగ్, దానికి మళ్లీ లక్షలు.

అన్నీ అయ్యాక కూడా కాలం కలిసి రావాలి. 2012లో కింగ్‌ఫిషర్ ఆగింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. 2020లో కరోనాకి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలే ఎగరలేదు. 2023 మేలో గో ఫస్ట్ ఆగింది. ఆగిన ప్రతిసారీ లైసెన్సున్న పిల్లలు ఇంట్లో కూర్చున్నారు. లైసెన్స్ పెట్టెలో పెట్టుకుంటే నిలవదు, గంటలు ఎగురుతూ ఉండాలి, దానికీ డబ్బే. నాన్నకి పెన్షనో, ఊళ్లో అద్దెలో ఉన్న పిల్లాడు రెండేళ్లు ఆగగలడు. వడ్డీకి తెచ్చినోడు ఆరు నెలలు ఆగలేడు. ఇద్దరికీ తెలివి ఒకటే.

కాబట్టి

"మనోళ్లకి అవుద్దా" అన్న ప్రశ్నకి చరిత్ర చెప్పే జవాబు ఇది. ఒక్కడే పోతే తెగువ సరిపోదు. బెస్సీ వెనక ఒక పత్రిక, గ్రీన్ వెనక ఒక చట్టం, అనుప్రియ వెనక చుట్టాలు. సరళకి ఆ దారి మూసుకుపోయినా చేతిలో ఇంకో విద్య ఉంది. మనం ఆ తమ్ముడి వెనక ఏం పెడుతున్నాం? నవ్వు బొమ్మలా?

నేను అనుకునేది చెప్తా. ఒకటి, మనలో ఈ కోర్సు చేసినోళ్లు, మధ్యలో ఆపినోళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ముందుకొచ్చి చెప్పండి. ఆపినోళ్ల మాట ఇంకా విలువైనది. రెండు, ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అందరం కలిసి ఒక అర్జీ పెడదాం: ఉడాన్ అకాడమీలో సీటొచ్చిన గిరిజన విద్యార్థి అప్పుకి ప్రభుత్వమే హామీ ఉండాలని. ఒక్కడి పేరుతో వద్దు, పదిమంది సంతకాలతో. మూడు, తమ్ముడూ, నువ్వు డిగ్రీ వదలొద్దు. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ ఉంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగానికి రాయొచ్చు. అది ప్రభుత్వ సంస్థ, మన గడి అక్కడ పనిచేస్తుంది. పైలట్ అవ్వకపోతే ఏదో ఒకటి అని కాదు. ఆ జీతంతో నీ 200 గంటలు నువ్వే కొనుక్కునే దారి కూడా అదే కావొచ్చు.

ముందు మెడికల్ చేయించుకో. రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టు. ఈసారి ఎవరూ నవ్వరు.

జోహార్.